స్టాక్‌హోమ్ నుంచి నెప్ట్యూన్ దాకా

స్టాక్‌హోమ్

అక్కా,

క్షేమంగా చేరాను. సౌరకుటుంబాన్ని రెండు కోట్ల వంతుకు కుదించి ఈ దేశం పొడుగునా పరిచారని చెప్పానే, ఇవాళ ఆ దారి పట్టాను. సూర్యుడి వంతు వచ్చింది గ్లోబెన్‌కి. ఆటలూ కచేరీలూ జరిగే తెల్లటి గుండ్రటి భవనమది. వ్యాసం 110 మీటర్లు. లెక్క ప్రకారం సూర్యబింబం దాదాపు 70 మీటర్లే, తక్కినది చుట్టూ ఉండే కరోనా కింద జమ.

రాతి గ్రహాలు నాలుగూ నగరంలోనూ దాని అంచుల్లోనూ ఉన్నాయి. బుధుడు నగర మ్యూజియంలో, 25 సెంటీమీటర్లు. భూమి ప్రకృతి చరిత్ర మ్యూజియంలో, 65. శుక్రుడు భూమికి రవ్వంత తక్కువ, కుజుడు సగానికి కాస్త ఎక్కువ. భూమి దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. రాతి గ్రహాలన్నిటిలో పెద్దది ఇదే. అయినా చేతులు చాస్తే కౌగిట్లో ఇమిడిపోయే కొలత. మన సముద్రాలూ హిమాలయాలూ అన్నీ అంతలోనే!

ఉప్సాలా

అక్కా,

దారిలో అర్లాండా విమానాశ్రయం దాటాను. గ్లోబెన్‌కి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ చోటే గురుడిది. ఈ కొలతలో వ్యాసం 7 మీటర్ల పైచిలుకు. భూమికి 11 రెట్లు అంటే మనసుకి అంతగా తట్టదు. ఘనపరిమాణం లెక్క వేస్తే మాత్రం, గురుడిలో 1,300 భూములు పడతాయి. మీ బడి గోడ మీది పటంలో గ్రహాలన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి చూడు, అది పిల్లలకి అన్యాయమే.

ఇంత తేడా ఎందుకొచ్చిందంటే, పుట్టిన చోటును బట్టి. సూర్యుడికి దగ్గర వేడిలో గట్టిపడగలిగినవి రాయీ లోహమే. తొలినాటి మేఘంలో అవి బహు కొద్ది. కుజుడికీ గురుడికీ మధ్య ఎక్కడో మొదలై, ఆవలంతా నీరు కూడా మంచుగా గడ్డకట్టేంత చలి. అక్కడ ముడిసరుకు పెరిగింది. భూమికి పదింతలంత బరువున్న గర్భాలు తయారయ్యాయి. అంత బరువుంటే చుట్టూ ఉన్న హైడ్రోజన్‌నీ హీలియాన్నీ లాక్కోవచ్చు. ఆ వాయువు కొన్ని మిలియన్ల ఏళ్లకే చెదిరిపోయింది. ఈలోగా లాక్కున్నవాళ్లదే రాజ్యం.

శనికి కేటాయించిన ఊరు ఉప్సాలా. ఉష్ణోగ్రత కొలమానానికి పేరిచ్చిన సెల్సియస్ ఖగోళశాల నడిపిన ఊరు కూడా ఇదే. ఆ పాత ఇల్లు వీధికి కాస్త ఏటవాలుగా ఇప్పటికీ నిలబడి ఉంది.

శని వ్యాసం ఇక్కడి లెక్కలో 6 మీటర్లు, గురుడికంటే ఒక్క మీటరు చిల్లర తక్కువ. బరువులో మాత్రం శని 95 భూములైతే గురుడు 318! వాయువు మీద వాయువు పడేకొద్దీ గురుత్వం దాన్ని లోపలికి నొక్కేస్తుంది. గురుడికి ఇంకా ఎంతో సరుకు చేర్చినా పెద్దగా ఉబ్బడు. శని సాంద్రతేమో నీటికంటే తక్కువ. ఇక ఈ వ్యాసాలు కొలిచే తీరు చూడు: రాతి గ్రహానికి నేల ఉంది కాబట్టి నేల దాకా కొలుస్తాం. వీళ్లకి నేలే లేదు. వాతావరణ పీడనం మన సముద్రమట్టం దగ్గర ఉన్నంతగా ఉండే ఎత్తును అంచుగా ఒప్పుకొని, అక్కడి నుంచి కొలుస్తారు.

సోడెర్‌హామ్న్

అక్కా,

రాత్రి తొమ్మిది దాటినా చీకటి పడలేదు. నది పక్కన నెప్ట్యూన్‌ని చూసి వచ్చాను. గ్లోబెన్‌కి 229 కిలోమీటర్లు. యాక్రిలిక్ గోళం, రెండున్నర మీటర్లు. యురేనస్ దీనికంటే పిసరంత పెద్దది, తేలికైనది. ఈ రెండిటినీ గురుడూ శనీ ఉన్న జట్టులో కలిపేయడం నాకు సరనిపించదు. వీటిలో హైడ్రోజన్, హీలియం తక్కువ. నీరు, అమోనియా, మీథేన్ లాంటి పదార్థాలే ఎక్కువ. అందుకే మంచు దిగ్గజాలు అంటున్నారు.

సైజుల వరసలో చూస్తే, భూమి 65 సెంటీమీటర్ల నుంచి ఒక్కసారిగా నెప్ట్యూన్ రెండున్నర మీటర్లకు వచ్చేశాం. మధ్యలో ఏ గ్రహమూ లేదు. మన కుటుంబంలోని ఈ ఖాళీయే నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకుంది. ఎందుకంటే 2009లో ఎగిరిన కెప్లర్ టెలిస్కోపు వేరే నక్షత్రాల చుట్టూ కనిపెట్టినవాటిలో సరిగ్గా ఈ మధ్య సైజు గ్రహాలే అతి మామూలు. అవి రాళ్లా, నీటి గోళాలా, మందమైన వాయువు కప్పుకున్నవా అన్నది ఇంకా తేలలేదు. మీ తొమ్మిదో తరగతి పిల్లల్లో ఒకరైనా ఆ పని మీద పడితే బాగుండునని ఉంది.

రేపు ప్లూటో కోసం డెల్స్‌బో వైపు బస్సు. 12 సెంటీమీటర్లేనట, ఇక్కడి చందమామకంటే చిన్నది.

నీ తమ్ముడు