పన్నెండో స్థానం

క్యాన్సర్‌కి మన భాషలో ఉన్న మాటలు నాకెప్పుడూ నచ్చలేదు. రాచపుండు అన్నా మహమ్మారి అన్నా ఎవరో బయటినుంచి వచ్చి మీద పడ్డట్టు ఉంటుంది. ప్రేమాభిషేకం (1981) నాటి సినిమాకైతే అది హీరో త్యాగానికి దొరికిన సాకు. ఆ జబ్బు లోపల ఏం చేస్తుందో కథకి అక్కర్లేదు.

పెద్దపేగు క్యాన్సర్లలో నూటికి దాదాపు నలభైలో చెడిపోయి కనిపించే ప్రొటీన్ కే-రాస్. ఇది మన కణాల్లో పుట్టుకతో ఉండేదే. కణం పైన ఉండే ఈజీఎఫ్ఆర్ అనే రిసెప్టర్‌కి 'పెరుగు' అన్న కబురు అందితే, కే-రాస్ జీటీపీ అనే అణువుని పట్టుకుని ఆన్ అవుతుంది. కబురు లోపలికి పంపాక అందులోంచి ఒక ఫాస్ఫేట్‌ని తెంచేసి ఆఫ్ అవుతుంది. తెంచడానికి ఇంకో ప్రొటీన్ వచ్చి వేలులాంటి తన కొసని లోపలికి దూర్చాలి. అక్కడే, పన్నెండో స్థానంలో, గ్లైసీన్ ఉంటుంది. అమైనో ఆమ్లాల్లో అన్నిటికన్నా చిన్నది, వేలికి చోటిస్తుంది. డీఎన్ఏలో జీజీటీ కాస్తా జీఏటీ అయిందంటే ఆ చోట్లో యాస్పార్టిక్ ఆమ్లం వచ్చి కూర్చుంటుంది. ఇక వేలు పట్టదు, స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతుంది. ఒక్క అక్షరం తేడా! మా ఆఫీసులో ఇలాంటిది కోడ్ రివ్యూ దాటి హాయిగా వెళ్ళిపోతుంది.

ఇదొక్కటే క్యాన్సర్ తేదు. సాధారణంగా ముందు ఏపీసీ అనే జన్యువు పాడై పాలిప్ మొలుస్తుంది, కే-రాస్ దాన్ని పెంచుతుంది, తర్వాత పీ53 పోతుంది. ఏళ్ళు పడుతుంది. ఆగని ఆ కబురే కణాలు పక్కవాటిని వదిలి కదలడానికీ తోడవుతుంది. పేగునుంచి రక్తం ముందు కాలేయానికే పోతుంది కాబట్టి అవి ఎక్కువగా అక్కడే దిగుతాయి.

మా పెద్దనాన్న రిపోర్టులో 'జీ12డీ' అని ఉంది. పానిటుముమాబ్ లాంటి మందులు ఈయనకి వద్దన్నారు డాక్టరు. పెద్ద అంబర్‌పేట్‌లో ఇంటికొచ్చాక పెద్దమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "పైసలు లేవని ఇస్తలేరా బిడ్డా? నిజం చెప్పు, రోడ్డు పక్క జాగ అమ్ముదాం" అంది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక మా దగ్గర ఏ కష్టానికైనా ముందు గుర్తొచ్చేది ప్లాటే.

"పైసలు కాదు పెద్దమ్మా. ఆ మందు బయట బెల్లు బటన్ని మూస్తది. మనకు లోపల బెల్లే ఇరుక్కుని మోగుతుంది. బటన్ పీకేస్తే ఏమొస్తది?"

ఆమె కాసేపు ఆగి, "మరి లోపలి బెల్లుకు మందు లేదా?" అంది.

సరైన ప్రశ్న. పానిటుముమాబ్ పుట్టింది మనిషి యాంటీబాడీ జన్యువులు పెట్టిన ఎలుకల్లో. ఆ ఎలుకల్ని తయారుచేసినవాళ్ళలో రాజు కుచెర్లపాటి అనే తెలుగాయన ఒకరు. మందుకి 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. కే-రాస్ మారినవాళ్ళకి దానివల్ల లాభం లేదని 2008లో తేలింది. పేగు క్యాన్సర్ నమూనాలు 276 తీసుకుని జన్యువుల్ని సమగ్రంగా చదివిన 2012 నాటి నేచర్ వ్యాసంలోనూ ఆయనది ముఖ్యపాత్ర.

లోపలి బెల్లుకి మందు వచ్చింది, ఒక రకానికి. జీ12సీలో పన్నెండో స్థానంలో సిస్టీన్ ఉంటుంది, సోటోరాసిబ్ దాని గంధకాన్ని పట్టుకుని అతుక్కుంటుంది. అదొక్కటే ఇస్తే పేగు క్యాన్సర్ ఈజీఎఫ్ఆర్ వైపునుంచి మళ్ళీ కబుర్లు పెంచుకుంటుంది. అందుకే 2025 జనవరిలో ఎఫ్‌డీఏ దానికి పానిటుముమాబ్‌ని జతచేసి అనుమతించింది. బటనూ బెల్లూ, రెండూ. కానీ పేగు క్యాన్సర్లలో జీ12సీ నూటికి మూడో నాలుగో. పెద్దనాన్నది డీ, అక్కడ పట్టుకోవడానికి గంధకం లేదు. దానికి మందులు ఇంకా ట్రయల్స్‌లో ఉన్నాయి.

ఇదంతా పెద్దమ్మకి చెప్పలేదు. "చేస్తున్నరు, ఇంకా రాలే" అన్నాను. జాగ మాత్రం అమ్మొద్దన్నాను.