నీలి చిత్రమూలం

మేము ఖమ్మంలో అధ్యాపకులుగా చేరిన తొలి సంవత్సరం, ఇంటి ముందరి కొద్దిపాటి జాగాలో నాటుకొనుటకు లేత ఆకాశవర్ణపు పూలగుత్తులు గల ఒక మొక్కను కొనితెచ్చాము. దాని పేరు నీలి చిత్రమూలం. జన్మభూమి దక్షిణాఫ్రికా. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లామార్క్ 1786లో దానికి ప్లంబాగో ఆరిక్యులేటా అని నామకరణం చేశాడు.

సముద్రాలు దాటి వచ్చిన మొక్క మన ఎండలకు తాళగలదా అని భయపడి రెండు పూటలా నీరు పోశాము. నల్లరేగడిలో నీరు నిలిచి వేరు కుళ్ళిపోయింది. మాలీ చాచా నవ్వి, "దీనికి ఎండతో భయం లేదు సార్, నిలిచిన నీళ్ళతోనే భయం" అన్నాడు. ఎర్రమట్టిలో ఇసుక కలిపి, తొలకరికి కొత్త కొమ్మలు నాటించాడు. పూత కొత్త చిగురుకే వస్తుంది గనుక శివరాత్రి వెళ్ళగానే పొదను కత్తిరించాలని కూడా అతడే నేర్పాడు.

మూడవ ఏట పొద నిండా మొగ్గలు, మొగ్గల నిండా పురుగులు. మందు చల్లబోతుండగా, దుమ్ముగూడెం వైపు నుండి వచ్చి చదువుకొంటున్న ఒక విద్యార్థి ఏదో పనిమీద వచ్చాడు. అతని యాసను తరగతిలో పలుమార్లు ఎత్తిచూపి, తోటివారు నవ్వుతుంటే ఊరకున్న వారము మేము.

"కొట్టకండి సార్. మా దిక్కు అడవిల తెల్ల చిత్రమూలం ఉంటది. దాని మొగ్గలు గూడ ఈ పురుగులే తింటయి. తర్వాత సీతాకోకచిలుకలైతయి" అన్నాడు.

మందు పక్కన పెట్టాము. కొద్ది దినాలకు పొద చుట్టూ చిన్న చిన్న సీతాకోకచిలుకలు ఎగురసాగాయి. రెక్కల అడుగున గోధుమ, తెలుపు చారలు. ఆంగ్లంలో వీటిని జీబ్రా బ్లూ అంటారని పుస్తకంలో చదివి తెలుసుకున్నాము. మొగ్గలు కొన్ని పోయినా, పూలకు కొదువ రాలేదు.

మన అడవిలోని తెల్ల చిత్రమూలాన్ని ఆశ్రయించి బ్రతికే ఆ చిన్న ప్రాణి, ఆఫ్రికా నుండి వచ్చిన దాని బంధువును ఇట్టే గుర్తుపట్టింది. ఎదుట కూర్చున్న విద్యార్థిలోని విజ్ఞానాన్ని గుర్తించడానికి మాకు మూడేళ్ళు పట్టింది. ఆనాడు అతని మాటలో ఒక్క దోషమైనా మాకు వినిపించలేదు. ఆ సంగతి అతనితోనే చెప్పి, క్షమాపణ కోరుకున్నాము.