చెప్పినమాట వినే పద్దు

చిట్టా, ఆవర్జాలతో ఉన్న సుఖం ఏమిటంటే, అవి ఎవరి మాటా వినవు. పద్దులో "కందిపప్పు తెమ్ము" అని రాసినంత మాత్రాన పుస్తకం లేచి బజారుకు పోదు. ఎక్సెల్ అలా కాదండీ! గడిలో మొదట సమానం గుర్తు కనబడితే చాలు, ఆ తరువాతిదంతా ఆజ్ఞ అనుకుంటుంది. కూడమంటే కూడుతుంది, అందుకే కదా మెచ్చి తెచ్చుకున్నాం! అయితే ఆజ్ఞ రాసింది యజమానా, దారిన పోయేవాడా అన్నది దానికి పట్టదు.

ఏదో దరఖాస్తులో పేరు రాయమన్నచోట ఒక మహానుభావుడు పేరుకు బదులు సూత్రం రాస్తాడు. ఆ పేర్లన్నీ సీఎస్‌వీ ఫైలుగా, అంటే కామాలు పెట్టి విడదీసిన జాబితాగా, గుమాస్తాకు చేరతాయి. ఆయన ఎక్సెల్‌లో తెరవగానే పేరు కాస్తా లింకై కూర్చుంటుంది. నొక్కాడా, పక్క గడిలోని వివరాలు పరాయి చిరునామాకు పోతాయి.

ఇక మాక్రోలు. రోజూ చేసే చాకిరీని ఒకసారి నేర్పిపెడితే తామే చేసుకుపోయే చిన్న ప్రోగ్రాములవి. 1996లో లారూ అనే వైరస్ వీటిలోనే బయల్దేరింది. పాపం, అది దేన్నీ చెరపలేదు. తెరిచిన ఫైళ్లలో తన నకలు పెట్టుకుంటూ పోయిందంతే. తరువాత వచ్చినవి అంత మర్యాదస్థులు కావు.

మా అపార్టుమెంటు సంఘం లెక్కలు నేనే చూస్తుంటాను. ఆ మధ్య "పాత బిల్లు" అంటూ ఒక ఫైలు వచ్చింది. తెరిస్తే బిల్లు లేదు. మసకబారిన బొమ్మ, "వివరాలు కనబడాలంటే పైన పసుపు పట్టీలో ఉన్న మీట నొక్కండి" అన్న మాటా ఉన్నాయి. "నొక్కితే పోలా బావా!" అన్నాడు మా బావమరిది. తలుపు తీస్తేగాని ముఖం చూపించనన్న చుట్టాన్ని లోపలికి పిలుస్తామా? సంఘం బ్యాంకు వ్యవహారమంతా ఆ కంప్యూటరులోనే ఉంది. నొక్కలేదు, చెరిపేశాను.

ఇలాంటివి జరిగినప్పుడల్లా నొక్కినవాడిదే తప్పంటారు. నాకది నచ్చదు. ఆఫీసులో వచ్చే అసలైన ఫైళ్లకూ అదే పట్టీ, అదే మీట. నొక్కకపోతే పని సాగదు, నొక్కితే కొంప మునుగుతుంది. ఆ గుమాస్తా ఏం చేస్తాడు? ఇంటర్నెట్టు నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను ముందే ఆపెయ్యాలని మైక్రోసాఫ్టుకు తోచేసరికి 2022 వచ్చింది. లారూకు అప్పటికి 26 ఏళ్లు!

2023 మొదట్లో దొంగలు వన్‌నోట్ ఫైళ్లకు మారారు. వాటిలోనూ మీట బొమ్మే. కాకపోతే దాన్ని రెండుసార్లు నొక్కాలిట.