మోయాబ్‌లో మార్చిన యాక్సిల్

మోయాబ్‌లో ఏ పార్కింగ్ లాట్‌లో నిలబడ్డా ఊరి సంగతి అర్థమైపోతుంది. ఎర్ర దుమ్ము పట్టని బండి ఒక్కటి కనబడదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో, కొలరాడో నది పక్కన, ఐదు వేల చిల్లర జనాభా ఉన్న చిన్న ఊరు ఇది. దగ్గర్లోనే రెండు నేషనల్ పార్కులు: ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్. మేముండే డెన్వర్ నుంచి దాదాపు 350 మైళ్లు.

ఇక్కడి మట్టి రోడ్లు చాలావరకు టూరిస్టుల కోసం వేసినవి కావు. 1952లో చార్లీ స్టీన్ అనే జియాలజిస్టుకి ఈ చుట్టుపక్కల భారీ యురేనియం నిక్షేపం దొరికింది. అణుబాంబుల కాలం కదా, ఖనిజం కోసం కొండల్ని తొలిచి దారులు వేశారు. ఆ జోరు తగ్గిపోయింది, దారులు మిగిలాయి. షేఫర్ ట్రెయిల్ అయితే అంతకుముందు పశువుల్ని తోలుకెళ్లే బాట. దాన్నే లారీలు పట్టేలా వెడల్పు చేశారు. కొండ అంచు నుంచి దాదాపు 1,500 అడుగులు కిందికి, మెలికలు మెలికలుగా దిగుతుంది. తిరుమల ఘాట్ రోడ్డుకి తారూ పిట్టగోడా తీసేసి ఊహించుకోండి.

మేం దిగింది మా రూమ్మేట్ కారులో. ఆల్ వీల్ డ్రైవ్, సెకండ్ హ్యాండ్. పాత ఓనరు దానికి రెండంగుళాల లిఫ్ట్ వేయించాడు. చూడ్డానికి గంభీరంగా ఉంటుంది, రాళ్లు అడుగున తగలవు. కానీ ఎత్తు ఊరికే రాదు. బాడీతో పాటు వెనక డిఫరెన్షియల్ కూడా పైకి పోతుంది, చక్రం మాత్రం నేల మీదే ఉంటుంది. ఆ రెంటినీ కలిపే యాక్సిల్ ఇదివరకటి కంటే ఏటవాలుగా తిరగాల్సి వస్తుంది. యాక్సిల్ రెండు చివర్లా సీవీ జాయింట్లుంటాయి. చక్రం ఎంత ఊగినా తిప్పుడు ఆగకుండా చూసేవి అవే. లోపల స్టీలు గోళీలు, గ్రీజు, పైన మడతల రబ్బరు బూటు. వాలు పెరిగితే మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి. గ్రీజు బయటికి, ఇసుక లోపలికి.

షేఫర్ దిగి పొటాష్ రోడ్డు వైపు మళ్లాక చప్పుడు మొదలైంది. వెనక కుడివైపు టిక్, టిక్. స్పీడు పెంచితే టకటకటక. ఫోన్లో సిగ్నల్ లేదు. ఆ పార్కు లోపలి మట్టిదారుల్లోంచి బండి టో చేయిస్తే వెయ్యి డాలర్లు దాటొచ్చని పార్కువాళ్లే హెచ్చరిస్తారు. నడక స్పీడులో పోనిచ్చాం. దారిలో పొటాష్ గని వాళ్ల బాష్పీభవన చెరువులు కనిపించాయి. నీళ్లు త్వరగా ఆవిరవ్వాలని నీలిరంగు కలుపుతారు, ఎర్రరాళ్ల మధ్య ఆ నీలం నిజం అనిపించదు. ఫొటో తీయడానికి మాత్రం ఎవరం దిగలేదు. తారురోడ్డు ఎక్కి, నది వెంబడి మోయాబ్ చేరేసరికి టకటక పోయి గరగర వచ్చింది.

స్పేర్ పార్టుల షాపులో మా మోడల్‌కి యాక్సిల్ లేదు. నూట పది మైళ్ల దూరంలోని గ్రాండ్ జంక్షన్ నుంచి మర్నాడు తెప్పిస్తామన్నారు. పాతది పీకేసి, మిగతా మూడు చక్రాల మీద ఇంటికెళ్లొచ్చుగా అని ఒకాయన సలహా ఇచ్చాడు. కుదరదు. యాక్సిల్ చివరా దాని నట్టూ కలిసే హబ్ బేరింగ్‌ని బిగించి పట్టుకుంటాయి. అది లేకుండా నడిపితే బేరింగ్ విడిపోతుంది.

మెకానిక్‌లు ఎవరూ ఖాళీగా లేరు. డిపాజిట్ కడితే టూల్స్ అప్పిస్తామంది షాపు. అప్పుడు మావాడికి నాన్న గుర్తొచ్చాడు. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా లారీల పని చేస్తున్నారు. కొడుకుని మాత్రం షెడ్డులోకి రానిచ్చేవారు కాదట. సెలవుల్లో వచ్చినా "చేతికి గ్రీజంటకుండా చదువుకో పో" అని తోలేసేవారట. అందుకే మావాడు ఫోన్ చెయ్యాలా వద్దా అని పది నిమిషాలు తటపటాయించాడు.

మర్నాడు మాకు పొద్దున తొమ్మిది, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. వీడియో కాల్. కొడుకు కారు కింద పడుకుని ఉండటం చూసి ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్న మొదటి మాట: "జాకీ ఒక్కదాన్నే నమ్మకు. స్టాండ్ పెట్టావా? ఏదీ, చూపించు."

చక్రం మధ్యలో ఉండే 32 ఎంఎం నట్టు, పొడవాటి రాడ్డు వేస్తే ఊడింది. నన్ను బ్రేక్ తొక్కి పట్టుకోమన్నారు. అసలు పేచీ హబ్ కింది బోల్టుతో. చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు వల్ల తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మావాడు బలమంతా పెట్టి తిప్పుతుంటే ఆయన ఆపారు. "విప్పకు. ముందు కొంచెం బిగించు. తుప్పు పట్టు విడుస్తుంది, అప్పుడు వెనక్కి తిప్పు." గంటన్నర అలాగే అటూ ఇటూ ఆడిస్తే వచ్చింది.

యాక్సిల్ హబ్‌లోంచి కదల్లేదు. మావాడు సుత్తెత్తాడు. "ఒరేయ్, ఉత్త చివర మీద కొట్టకురా! పాత నట్టు చివరిదాకా ఎక్కించి, దాని మీద కొట్టు. లేకపోతే థ్రెడ్లు నలిగి యాక్సిల్ బయటికి రాదు."

కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి పొడవు, పళ్ల లెక్క చూపించమన్నారు. రెండుసార్లు లెక్కపెట్టించారు. డిఫరెన్షియల్ వైపు టక్కుమని కూర్చున్న చప్పుడు ఫోన్లో ఆయనకీ వినపడింది. "అదీ" అన్నారు. నట్టు పూర్తిగా బిగించేదాకా చక్రం కింద దించొద్దని, బరువు పడితే బేరింగ్ పాడవుతుందని చెప్పి, అప్పుడు అన్నానికి లేచారు. వాళ్లావిడ మూడోసారి పిలుస్తున్నారు మరి.

లిఫ్ట్ సంగతి మాత్రం తేలలేదు. కొత్త యాక్సిల్ కూడా ఆ వాలులోనే తిరుగుతోంది. డిఫరెన్షియల్‌ని కిందికి దించే స్పేసర్లు వేస్తే కోణం తగ్గుతుంది. నా ఓటు లిఫ్ట్ తీసేయడానికే. వాళ్ల నాన్న ఓటూ అంతే. మావాడు స్పేసర్లు ఆర్డర్ పెట్టాడు.

పాత యాక్సిల్ తిరిగిస్తే షాపువాళ్లు కోర్ డిపాజిట్ వెనక్కిచ్చారు, టూల్స్ డిపాజిట్ కూడా. పెట్రోలు కొట్టించి ఐ-70 ఎక్కాం. పదకొండు వేల అడుగుల ఎత్తులో ఐసెన్‌హోవర్ టన్నెల్ దాటేదాకా, చలి కొరికేస్తున్నా వెనక కిటికీలు దించే ఉంచాం, చప్పుడేమన్నా వస్తుందేమోనని.