రేఖామాత్రము

కంప్యూటరుపై చిత్రములు దిద్దుటకు గింప్ అను ఉచితసాధన మొకటి కలదని సోదరీమణులలో పలువు రెఱుగుదురు. బర్క్లీ విద్యార్థు లిరువురు మొదలిడిన ఆ సాధనము 1996లో లోకమునకు వచ్చెను. దానిలో రంగు నింపుట మిక్కిలి సులభము. లోపల నేమియు లేక అంచుగీత మాత్రమే గల ఆకారము కావలె నన్నచో క్రొత్తవారు తడబడుదురు. కుంచెల వరుసలో వృత్తము గీయుటకని వేఱొక పరికరము కానరాదు.

నాకు కావలసిన దా వట్టి గీతయే. మా అత్తగారిది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వారింట మిగిలిన కొలది గుడ్డలలో పెడన అద్దకపు దుప్పటి యొకటి. మనుమరాలి పెండ్లి నిశ్చయమైనది మొదలు ఆమెది ఒకటే మాట: “అమ్మాయీ, నేనుండగానే దీనికి జోడు చేయించవే.”

గుడివాడనుండి బందరు పోవు రైలుమార్గములోనే పెడన. 1605లో డచ్చివారిని, 1611లో ఆంగ్లేయులను బందరునకు రప్పించినది ఈ సీమ నూలుగుడ్డలే. పెడనలో అచ్చులు చెక్కు తాత దుప్పటిని ముట్టుకొనకయే చూచి, “రంగు లొద్దమ్మా, గీత తెండి, చాలు” అనెను. టేకుచెక్కపై మొదట చెక్కునది రేఖాచ్చు. రంగు నింపు అచ్చులు దాని వెనుకవి.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. మా దుప్పటిలో ఎఱుపు నిలిచినది, గీత పోయినది! కరక్కాయ కషాయములో నానిన గుడ్డపై, ఇనుపతుక్కును బెల్లపునీట పులియబెట్టిన ద్రవముతో అచ్చువేసిన, గీత నల్లబడును. పటిక అద్దినచోటు వేరురంగుతో గాని, ఇప్పటి అలిజరిన్‌తో గాని కాచునపుడు ఎఱ్ఱవారును. ఇనుప నలుపు ఏండ్లు గడచినకొలది నూలును తినివేయును. పటిక అట్లు చేయదు. కావున పూరేకులు మిగిలి, వాని చుట్టును సన్నని చీలిక లేర్పడినవి. పలుచని కాగిత ముంచి పెన్సిలుతో దిద్దరాదా యందురేమో. ఆ యొత్తిడికి మిగిలిన పోగులు కూడ తెగును. ఫోటోకు గుడ్డను తాకుట లేదు.

ఆ ఫోటోపై పారదర్శకమగు పొర నొకటి పఱచి, పువ్వు నడిమి వృత్తమును ఎంపిక చేసితిని. అప్పుడు కదలాడు చుక్కలగీత వట్టి ఎల్లయే, ముగ్గునకు ముందు పెట్టు చుక్కలవంటిది. సవరణల పట్టికలో ఎంపిక యంచున గీతగీయు ఆజ్ఞ కలదు. దానికి నలుపును, మందమును చెప్పవలెను. మామిడిపిందె వంపునకు మాత్రము బిందువు వెంట బిందువు నిలిపి, వానిని కలుపు దారివెంబడి గీత గీయింపవలెను. పిదప అడుగునున్న ఫోటోను మఱుగుపఱచిన, వట్టి గీతలే నిలుచును.

మందము విషయమున తొందర కూడదు. అంగుళమునకు 300 చుక్కల చిత్రములో 6 చుక్కల గీత అర మిల్లీమీటరు. అంతకు సన్నమైనచో చెక్క విఱుగునని తాత చెప్పెను. ఆ గీత ఎల్లకు లోపల సగము, వెలుపల సగము పడును గనుక ప్రక్కప్రక్క ఆకుల నడుమ ఎడ ముంచవలెను. లేనిచో రెండును కలిసిపోవును. చెక్కువారి కిచ్చు ప్రతిని కుడియెడమలు త్రిప్పి ముద్రింపవలెను. అచ్చు గుడ్డపై పడినపుడు గాని చిలుక సరియైన వైపు చూడదు.

ఆ చిలుకకే ఒక మూలను తల పూర్తిగా పోయినది, చీలికయైనను లేదు. అత్తగారు అరుగుపై కూర్చుండి బియ్యపుపిండితో ముక్కును, మెడపట్టెను గీసి చూపిరి. దానిని ఫోటో తీసి, అదే రీతిని గీత కట్టితిని.

రేఖాచ్చు సిద్ధమైనది. ఎఱుపునకును పసుపునకును అచ్చు లింకను చెక్కవలసియున్నవి. పెండ్లి మాఘమాసమున.