వీపు మీద ఊరి పేరు

లాకప్పులో పెట్టేముందు మనిషి బెల్టు తీసేసుకుంటారు, మొలతాడు తెంపేస్తారు. ఉరేసుకుంటాడేమోనని. ఈ సంగతి మా ఇళ్లలో అక్షరం ముక్క రాని ముసలమ్మకు కూడా తెలుసు. అమెరికా జైళ్లలో వీటితోపాటు బూట్ల లేసులు కూడా తీసేసుకుంటారు. 1980ల్లో న్యూయార్కు నల్లజాతి పేటల్లో కుర్రాళ్లు లేసులు లేని బూట్లు తొడుక్కుని తిరుగుతుంటే, అది జైలు నుంచి వచ్చిన వేషమని చూసినవాళ్లు అన్నారు. అక్కడి క్వీన్స్ ప్రాంతంలో జెరాల్డ్ డీస్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయనా నల్లజాతివాడే. పిల్లలు చెడిపోతున్నారన్న బాధతో ‘ఫెలన్ స్నీకర్స్’ అని ఒక పాట కట్టాడు. మన మాటలో చెప్పాలంటే ‘దొంగ బూట్లు’.

దానికి జవాబు అదే క్వీన్స్‌లోని హాలిస్ పేట కుర్రాళ్లు ముగ్గురు ఇచ్చారు. వాళ్ల బృందం పేరు రన్ డీఎంసీ. 1986లో ‘మై అడిడాస్’ అని పాట చేశారు. మా బూట్లను నేరానికి ముడిపెట్టొద్దన్నది దాని సారం. కంపెనీ అడిగితే చేసింది కాదు, డబ్బిస్తే పాడింది కాదు. ఆ ఏడాది జూలైలో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే పెద్ద హాల్లో పాడుతూ, మీ బూట్లు పైకెత్తి చూపించండి అని జనాన్ని అడిగారు. వేల చేతులు లేచాయి, చేతుల్లో బూట్లు. కంపెనీ మనిషి ఒకడు ఆ గుంపులో నిలబడి అంతా చూశాడు. తర్వాత కుదిరిన ఒప్పందం విలువ సుమారు 10 లక్షల డాలర్లని చెబుతారు. అప్పటిదాకా బూట్ల కంపెనీలు ఆటగాళ్ల వెంటే పడేవి. నైకీ మైకేల్ జోర్డాన్‌తో ఒప్పందం చేసుకున్నది అంతకు రెండేళ్ల ముందే. పాట పాడేవాడి పేరు మీద బూట్లు అమ్ముడవుతాయని లోకానికి తెలిసింది మాత్రం ఆ రాత్రితోనే.

ఇదంతా నాకు మా అక్క కొడుకు వల్ల తెలిసింది. అక్కని స్టూవర్టుపురం ఇచ్చాం. మాది పర్చూరు వైపు మిరప, పత్తి పండే నల్లరేగడి ఊరు. కోతల రోజుల్లో వాడు మా ఊరికే వస్తాడు. పగలంతా మిరపకాయలు కోసి, రాత్రి కల్లంలో పట్టా పరుచుకుని ఫోన్‌లో ర్యాప్ వింటాడు. మొదట్లో నాకు అది పాటలా అనిపించలేదు, ఎవరో ఊపిరి తీసుకోకుండా తగాదా పడుతున్నట్టుండేది. బడిపంతుల్ని కదా, అడగకుండా ఉండలేను. ఒక్కొక్కటీ విడమర్చి చెప్పించుకున్నాను. ఇప్పుడు కంపెనీలు బూట్ల పెట్టె మీద రెండు పేర్లు వేసి మధ్యలో ఇంటూ గుర్తు పెడతాయి, దాన్ని కొలాబ్ అంటారు మామా అని వాడే చెప్పాడు. 2003లో జే జీతో రీబాక్, తర్వాత కాన్యే వెస్ట్‌తో అడిడాస్. యూదుల మీద అతను నోరు పారేసుకున్నాక 2022 అక్టోబరులో ఆ ఒప్పందం తెగిపోయింది. ఇంటూ గుర్తు ఎంత తొందరగా కొట్టివేత గుర్తవుతుందో చూడు అన్నాన్నేను. వాడికి నా జోకులు నచ్చవు.

వాడి కాళ్లకున్నవి ఫస్ట్ కాపీ. అంటే నకిలీ. చీరాలలో పద్నాలుగు వందలకు కొన్నాడు. నకిలీ అని వాడికీ తెలుసు, అమ్మినవాడికీ తెలుసు. అసలు జత కావాలంటే వాడు ఈ కోతలన్నీ కోసి, వచ్చే ఏడు కోతలు కూడా కోయాలి. అసలు బూట్లు ఎక్కడో విదేశంలోనే తయారవుతాయని వాడి నమ్మకం. తడ దగ్గర మాంబట్టులో అపాచీ అనే కంపెనీ చాలా ఏళ్లుగా అడిడాస్ బూట్లు కుడుతోందనీ, అక్కడ పనిచేసేది ఎక్కువగా మన పల్లెల ఆడపిల్లలేననీ చెబితే నోరు తెరిచాడు. చీరాల నుంచి రైలెక్కితే పూట ప్రయాణం లేదు. పెట్టె మీద ఇంటూ గుర్తుకు అటూ ఇటూ ఉండే రెండు పేర్లలో ఆ పిల్లల పేరు ఉండదు. కాన్వాసు బూటుకు గుడ్డయ్యే పత్తి ఏరిన చెయ్యి పేరూ ఉండదు.

మనవాళ్లు ఆలోచించాల్సిన కథ ఇంకొకటుంది. న్యూయార్కు హార్లెం పేటలో డ్యాపర్ డ్యాన్ అనే దర్జీ 1982లో 125వ వీధిలో కొట్టు పెట్టాడు. పెద్ద పెద్ద కంపెనీలు నల్లవాళ్లను గుమ్మంలోనే అనుమానంగా చూసే రోజులవి. ఆయన గుచ్చి, లూయీ విటాన్ లాంటి కంపెనీల గుర్తులను తోలు మీద తనే అచ్చు వేసి, ఆ కంపెనీలు కలలో కూడా అనుకోని కోట్లు కుట్టాడు. ర్యాప్ పాడేవాళ్లు, బాక్సర్లు వాటి కోసం ఎగబడ్డారు. కంపెనీలు కోర్టుకెళ్లాయి, దాడులు చేయించాయి. 1992లో కొట్టు మూతపడింది. ఆయన దొంగ అయ్యాడు. పాతికేళ్లు గడిచాయి. 2017లో గుచ్చి కంపెనీ ఒక కోటు చూపించింది, బుట్ట చేతులతో సహా అది డ్యాపర్ డ్యాన్ ఒకప్పుడు కుట్టిన కోటే. ఈసారి జనం ఊరుకోలేదు. గుచ్చి దిగివచ్చి ఆయనతో కలిసి పనిచేస్తామంది, 2018లో హార్లెంలో ఆయన కుట్టుశాల మళ్లీ తెరుచుకుంది.

ఎవరు ఎవరి దగ్గర దొంగిలించారు? ఈ ప్రశ్న మాకు కొత్త కాదు.

మేము ఎరుకలవాళ్లం. మాలో మేము కుర్రు అంటాం. మా పాతవాళ్లు సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు, లోపలి ఊళ్ల నుంచి ధాన్యం పశువుల మీద వేసుకుని తిరిగిన వ్యాపారులు. రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది, వ్యాపారం పోయింది. బతుకు పోయినవాళ్లు ఊరూరా తిరుగుతుంటే, తిరగడమే నేరమన్నారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికి ఒక సెటిల్‌మెంటు అప్పజెప్పారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. అదే స్టూవర్టుపురం. కడుపులోని బిడ్డ కూడా ఆ చట్టం కింద నేరస్థుడే. పొద్దున, రాత్రి హాజరు పిలుపు. పొలిమేర దాటాలంటే చీటీ. చీరాల పొగాకు కంపెనీకి ఇక్కడినుంచే కూలీలు. మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న. చట్టం పోయినా పేరు పోలేదు. 1991లో ఒక్క ఏడాదిలోనే ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టూవర్టుపురం దొంగలు’ అని రెండు సినిమాలు వచ్చాయి. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. మా ఊరి పేరుకు మార్కెట్టు ఉందని సినిమావాళ్లకు మాకంటే ముందే తెలుసు. ఆ ఇంటూ గుర్తుకు ఇవతలి వైపున ఉన్నవాళ్లం మేము, సంతకం మాత్రం మమ్మల్నెవరూ అడగలేదు.

ఇక్కడ పుట్టిన పిల్లలు చదువుకోవడానికి వెళ్లినచోట ఊరి పేరు చెప్పరు. ‘బాపట్ల పక్కన’ అంటారు. ‘చీరాల దగ్గర’ అంటారు. మా మేనల్లుడు ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో ఎవరిదో చార్జరు పోతే ముందు వీడి పెట్టె తెరిచారు. చార్జరు తర్వాత దాని సొంతదారు మంచం కిందే దొరికింది, పెట్టె తెరిచినందుకు మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఆ పక్క నెలలోనే వీడు ర్యాప్ రాయడం మొదలుపెట్టాడు.

వాడు రాసిన మొదటి పాట కుర్రు భాషలో. ఆ భాషకు లిపి లేదు, తెలుగు అక్షరాల్లోనే రాసుకున్నాడు. ఒకప్పుడు పోలీసులు దాన్ని దొంగల రహస్య భాషగా లెక్కవేశారు. బడిలో మన పిల్లలు ఇద్దరు ఆ భాషలో మాట్లాడుకుంటే ఇప్పటికీ పక్కవాళ్లు అనుమానంగానే చూస్తారు. పాటలో వాడు చేసింది చిన్న పని. ముత్తాత కాలం నాటి హాజరు పిలుపును దరువుగా తీసుకున్నాడు. ఒక పేరు పిలుస్తాడు, పక్కవాళ్లు ‘హాజర్’ అంటారు. ఇంకో పేరు, మళ్లీ ‘హాజర్’. పదిహేను పేర్లయ్యాక ఆ మాట ఎవరికో చెబుతున్న జవాబులా వినపడదు, ఎదురు తిరిగి వేసిన కేకలా ఉంటుంది. నేను పంతులుగా ఎన్ని హాజర్లు పిలిచానో లెక్కలేదు, మా పాతవాళ్ల గొంతులో ఆ మాట ఎలా ఉండేదోనని ఒక్కసారీ ఆలోచించలేదు.

లాస్ ఏంజెలెస్ పక్కన కాంప్టన్ అని ఊరుంది. గొడవలకు, పోలీసు దెబ్బలకు పేరుమోసింది. 1988లో అక్కడి కుర్రాళ్లు ఎన్.డబ్ల్యూ.ఏ. అనే బృందంగా ‘స్ట్రెయిట్ అవుటా కాంప్టన్’ అని పాటల సంపుటి తెచ్చారు. నేరుగా కాంప్టన్ నుంచే వచ్చినోళ్లం అని. దాచుకోవాల్సిన ఊరి పేరును నెత్తిన పెట్టుకున్నారు. 2015లో అదే పేరుతో సినిమా వచ్చాక, కాంప్టన్ బదులు ఎవరి ఊరి పేరు వాళ్లు పెట్టుకునే టీ షర్టులు లోకమంతా తిరిగాయి. బొంబాయిలో డివైన్, నేజీ తమ గల్లీ గురించి పాడితే 2019లో ‘గల్లీ బాయ్’ సినిమా అయింది. స్ట్రీట్‌వేర్ అనే బట్టల కథలో సగం ఇదే, ఏ వీధి నుంచి వచ్చావో వీపు మీద రాసుకోవడం. మిగతా సగం ఆ వీధి పేరు మీద వచ్చే డబ్బు ఎటు పోతుందన్నది.

ఆ రెండో సగం గురించి మన పిల్లలకు ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం చెప్పాలి. 2019లో నైకీ ప్యూర్టో రికో పేరుతో ఒక బూటు విడుదల చేయబోయింది. దాని మీది రంగుల అల్లిక నిజానికి పనామా దేశంలోని గుణ ఆదివాసుల ‘మోలా’. గుణ పెద్దలు మా అల్లిక, మమ్మల్ని అడగలేదు అన్నారు. నైకీ బూటు ఆపేసింది. 2025లో అడిడాస్ ఒక డిజైనరుతో కలిసి మెక్సికోలో యలాలగ్ అనే ఆదివాసీ ఊరివాళ్లు అల్లే తోలు చెప్పుల నమూనాతో కొత్త జోడు చూపించింది. పెద్ద గొడవయ్యాక కంపెనీ ప్రతినిధులు ఆ ఊరికే వచ్చి, ఊరివాళ్ల ముందు క్షమాపణ చెప్పారు. అదే ఏడు జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా మన కొల్హాపురి చెప్పుల్లాంటివే కొల్హాపూర్ మాటెత్తకుండా చూపించింది. వాటికి 2019లోనే జి.ఐ. గుర్తింపు ఉంది కాబట్టి అడగడానికి పట్టు దొరికింది. డిసెంబరుకల్లా మహారాష్ట్ర, కర్ణాటకల్లో 2,000 జతలు చేయించి అమ్ముతామని ప్రాడా ఒప్పుకుంది. జత ధర దాదాపు 800 యూరోలట. కుట్టినవాడికి అందులో ఎంత ముడుతుందో చూడాలి.

ఈ మూడుచోట్లా పనిచేసింది ఒకటే. ఇది మాది అని చెప్పడానికి ముందుగానే ఒక సంఘం, ఒక ఊరు, ఒక రికార్డు ఉన్నాయి. సాండూరు లంబాడీ ఆడవాళ్ల అల్లికకు 2010లోనే జి.ఐ. వచ్చింది. మన దగ్గర ఏముంది? మా అమ్మ ఈత బద్దలతో గంప అల్లేది. మా మిరప చేలల్లో కాయలు మోసింది ఒకప్పుడు ఆ గంపలే, ఇప్పుడు ప్లాస్టిక్ టబ్బులు. గంప అడుగు ఎలా మొదలుపెట్టాలో, అంచు ఎక్కడ మడవాలో తెలిసినవాళ్లు మా ఊళ్లో ఇంకా నలుగురున్నారు. రేపు ఎవరో ఆ అల్లికను బూటు మీద అచ్చు వేస్తే, ఇది మాది అని చూపించడానికి ఒక్క ఫొటో లేదు. పంతుళ్లు పిల్లల చేత చేయించే ప్రాజెక్టుల్లో తాజ్‌మహల్ బొమ్మలకు బదులు దీన్ని పెడితే నష్టమేమీ లేదు.

మేనల్లుడి సంగతికొస్తే, ఈసారి కోతల డబ్బులతో వాడు కొత్త బూట్లు కొనలేదు. నల్ల టీ షర్టు వీపు మీద తెల్లగా ‘స్టూవర్టుపురం’ అని, తెలుగులో, అచ్చు వేయించాడు. చీరాలలో అచ్చు వేసేవాడు ‘సినిమాదా బాబూ?’ అని అడిగాడట. ఇంట్లో అక్క గొడవ పెట్టుకుంది. “మేము అరవై ఏళ్లు దాచుకున్న పేరురా అది. రైల్లో ఎవడి పర్సు పోయినా ముందు నీ వీపే కనపడుద్ది” అంది. ఆమె మాట కొట్టేయడానికి లేదు. న్యూయార్కులో లేసుల్లేని బూట్లు చూసి భయపడ్డ ఆ డాక్టరుదీ ఇదే భయం. బావ ఏమీ అనలేదు, చొక్కా ఉతికి నీడన ఆరేశాడు, అక్షరాలు పోకుండా.

గొడవ వేరేవైపు నుంచి వచ్చింది. సంఘం పెద్దాయన ఒకరు చొక్కా చూసి, “మనల్ని కంచెలో పెట్టిన దొర పేరు వీపున మోస్తావేంట్రా? కుర్రు అని వేయించు” అన్నాడు. వాడు ఫోన్ తీసి ఏదో వెతికి, “కాంప్టన్ కూడా ఒక తెల్లాయన పేరే తాతా” అన్నాడు. అయితే ఏంటన్నాడాయన. ఇద్దరూ వేపచెట్టు కింద చీకటిపడేదాకా వాదించుకున్నారు. మొన్న ఫోన్ చేసి, ఇంకో పదకొండుమంది చొక్కాలు కావాలంటున్నారు మామా, అందులో నలుగురు ఆడపిల్లలు అన్నాడు. ఏ పేరు వేయిస్తున్నావురా అంటే, ఇంకా తేల్లేదు, రెండో కోత డబ్బులు రానీ అన్నాడు.