పాసేజ్‌కి పదికి పది... ఆవుకి సున్నా!

‘లిమిటి చోకరంలో జబుకు దూసింది.’

ఈ వాక్యానికి అర్థం ఏంటో తెలుసా? నాకూ తెలీదు, ఇప్పుడే అల్లాను. అయినా ప్రశ్నలు అడగండి. జబుకు దూసింది ఎవరు? లిమిటి. ఎక్కడ దూసింది? చోకరంలో. రెండు మార్కులు వచ్చేసినట్టే!

పుంగనూరులో టెన్త్ చదివేటప్పుడు ఇంగ్లిష్ కాంప్రహెన్షన్‌కి నేను రాసినవన్నీ ఇలాంటి జవాబులే. ప్రశ్నలో ‘వెన్’ ఉంటే పాసేజ్‌లో సంవత్సరం వెతకాలి. ‘హూ’ ఉంటే పెద్దక్షరంతో మొదలయ్యే పేరు. ‘వై’ ఉంటే ‘బికాజ్’ ఎక్కడుందో చూసి, అక్కణ్ణుంచి ఫుల్‌స్టాప్ దాకా దింపెయ్యడమే. లెటర్ రైటింగ్ ఇంకా తేలిక. గైడులోది బట్టీ పట్టి, పేరు దగ్గర ఎక్స్ వై జెడ్ అని పెడితే సరి. నా సెలవు చీటీల్లో నాకెప్పుడూ జ్వరమే. అక్క పెళ్ళికి సెలవు అడిగినా జ్వరమే!

మా ఇంగ్లిష్ సార్ ఒకసారి, ‘1919లో ఠాగూర్ మన మదనపల్లెకే వచ్చి, బిసెంట్ కాలేజీలో ఉండి జనగణమనని ఇంగ్లిష్‌లోకి మార్చారు’ అని చెప్పారు. నేను 1919 కింద గీత గీసుకున్నా. బిట్ వస్తుంది కదా!

క్లాస్‌లో ఇంగ్లిష్ ఫస్ట్ నేనే. ఆ ఫస్టే మా ఇంటిని దెబ్బకొట్టింది.

ఇంటర్‌కి మదనపల్లె వెళ్ళా. మా నాయన టమోటా పెట్టేవాడు. రేటు పడిపోయి టమోటా ముంచినప్పుడల్లా ఇంటిని నడిపింది పాలిచ్చే ఆవే. ఆ ఏడాది అది జబ్బు చేసి చచ్చిపోయింది. ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి కొంత ధైర్యం. కొన్నాళ్ళకి ఇంగ్లిష్‌లో ఒక లెటర్ వచ్చింది. నేను శనివారం ఇంటికి రాగానే నాయన దాన్ని నా చేతిలో పెట్టాడు.

‘‘ఏమిరా, ఏం రాసినారో చెప్పు.’’

నా కళ్ళు అలవాటుగా వెతికాయి. ‘క్లెయిమ్’ దొరికింది. ‘అప్రూవల్’ దొరికింది. దాని పక్కన ‘సబ్జెక్ట్ టు’ అని ఉంది. నాకు తెలిసిన సబ్జెక్టులు మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ!

‘‘డబ్బులొస్తాయంట నాయనా’’ అన్నా.

నెలన్నర చూసి నాయన ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ చదివి చెబితే తెలిసింది. ఆవు చెవి ట్యాగ్, డాక్టర్ సర్టిఫికెట్ 15 రోజుల్లో ఇస్తేనే క్లెయిమ్ పాస్ అవుతుందని దాంట్లో రాసి ఉందట. గడువు అయిపోయింది. ట్యాగ్ మా కొట్టంలో మేకుకి వేలాడుతూనే ఉంది.

నాయన నన్ను తిట్టలేదు. ‘‘నువ్వేం చేస్తావులే, వాళ్ళు రాసిందే అట్లుంది’’ అన్నాడు. తిట్టుంటే బాగుండేది. తప్పు లెటర్‌ది కాదని నాకు తెలుసు. ‘నాకు అర్థం కాలేదు, ఇంకొకరిని అడుగుదాం’ అనే ఒక్క మాట నా నోట రాలేదు. క్లాస్ ఫస్ట్ కదా!

ఇంజినీరింగ్ కుప్పంలో చదివా. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక. హాస్టల్లో నా రూమ్మేట్‌ది తమిళం. టెక్స్ట్‌బుక్‌లో ఏ పేరా చదివినా మూసేసి, ‘‘నీ మాటల్లో చెప్పు, నాకు తెలుగు అంత రాదు’’ అనేవాడు. చెప్పబోతే తెలిసేది, నాకు సగమే అర్థమైందని. మళ్ళీ చదివేవాణ్ణి. మా సార్ చెప్పిన ఠాగూర్ కథ అప్పుడు తలకెక్కింది. అర్థం లోపలికి వెళ్తేనే ఇంకో భాషలో బయటికొస్తుంది. నేను సంవత్సరం పట్టుకుని అసలుది వదిలేశా.

ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజూ చేసేది కాంప్రహెన్షనే. క్లయింట్ మెయిల్‌లో ‘అన్‌లెస్’ని పట్టించుకోకపోతే వారం రోజుల కోడ్ చెత్తబుట్టలోకే.

మా పిన్ని కూతురు ఈ ఏడాది టెన్త్. ఆదివారం వీడియో కాల్‌లో దానికి నేను పెట్టిన రూల్స్ మూడే. పాసేజ్ చదివాక పుస్తకం మూసి తెలుగులో చెప్పాలి. ‘బట్, ఇఫ్, అన్‌లెస్’ కనిపిస్తే ఆగాలి. లెటర్ రాస్తే, దాన్ని చదివే మనిషిని తలుచుకుని రాయాలి. ‘‘అన్నా, దీనికి టైమ్ ఎక్కువ పడుతుంది’’ అంటుంది. పట్టనీ. ముందు అర్థం కానీ, వేగం తర్వాత అదే వస్తుంది.

పోయిన నెల నాయన బ్యాంకు లెటర్ ఒకటి ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. రెండుసార్లు చదివి ఫోన్ చేశా.

‘‘నాయనా, దీంట్లో ఒక మాట దగ్గర అనుమానంగా ఉంది. కనుక్కుని చెప్తా.’’

‘‘కనుక్కునే చెప్పురా, తొందరేముంది’’ అన్నాడు.

ఆ ట్యాగ్ ఇప్పటికీ కొట్టంలో మేకుకే ఉంది.